పొరుగు కణం

యంత్రమనగానే మన మనస్సుకు ఇనుము, ఉక్కు, పళ్ళచక్రాలు, విద్యుత్తు తీగెలు తోస్తవి. ప్రాణమనగానే ఊపిరి, ఆకలి, పెరుగుదల స్ఫురిస్తవి. ఈ రెండింటికీ నడుమ ఒక గోడ ఉన్నదని మన తాతలు నమ్మినారు, మనమూ నమ్ముతున్నాము. 2020 జనవరిలో అమెరికా నేషనల్ అకాడమీవారి పత్రికలో వెలువడిన ఒక వ్యాసం ఆ గోడలో సన్నని బీట చూపినది. వెర్మాంట్, టఫ్ట్స్ విశ్వవిద్యాలయాలలో పనిచేస్తుండిన నలుగురు శాస్త్రజ్ఞులు, సామ్ క్రీగ్‌మన్, డగ్లస్ బ్లాకిస్టన్, మైకేల్ లెవిన్, జాషువా బొంగార్డ్ అనువారు, కప్ప పిండంనుండి తీసిన కణాలతో మిల్లీమీటరు పొడవైనా లేని చిన్న ముద్దలను కట్టినారు. ఆ ముద్దలు నీటిలో తమంతట తాము కదలినవి. కొన్ని గుంపుగా చేరి ఎదుటి రేణువులను పోగుచేసినవి. గాటు పెడితే గాయం మాన్పుకొన్నవి. ఆహారం లేకుండనే, కణాలలో నిలువ ఉన్న పచ్చసొన సత్తువతో వారం దినాలు బ్రతికినవి. వాటి కణాలలోని జన్యువులను ఎవ్వరూ మార్చలేదు. అవి అచ్చముగా కప్ప కణాలే.

ఆ కప్ప ఆఫ్రికా ఖండపుది. జీనోపస్ దాని శాస్త్రీయ నామం. గ్రీకు భాషలో వింత పాదమని అర్థం. కనుక ఆ ముద్దలకు జీనోబాట్లని పేరు పెట్టినారు. ఈ కప్ప ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ వ్యాపించిన కారణం విచిత్రమైనది. 1930లనుండి సుమారు మూడు దశాబ్దాలపాటు స్త్రీలు గర్భవతులైనారో లేదో తెలుసుకొనుటకు ఈ కప్పనే వాడేవారు. గర్భిణి మూత్రపు సారాన్ని ఆడకప్పకు సూదితో ఎక్కిస్తే, కొద్ది గంటలలో అది గుడ్లు పెట్టేది. అట్లు ఆసుపత్రులకు వచ్చిన కప్ప, పిండశాస్త్రజ్ఞుల బల్లమీద స్థిరపడినది.

జీనోబాట్ల ఆకారాన్ని తొలుత నిర్ణయించినది కంప్యూటరు. రైతు పంటలో మంచి కంకులను ఏరి విత్తనానికి దాచినట్లు, కంప్యూటరు వేలకొలది ఊహారూపాలను కల్పించి, వాటిలో బాగా నడువగల వాటిని నిలిపి, తక్కినవాటిని త్రోసివేసి, నిలిపిన వాటిని మరల మార్చి, ఇట్లు తరతరాలుగా వడగట్టినది. ఆ మీదట బ్లాకిస్టన్ సూక్ష్మదర్శిని క్రింద సన్నని పట్టకారుతోను, కాల్చు సూదితోను కణాల ముద్దను చెక్కి ఆ రూపానికి తెచ్చినాడు. చర్మం కానున్న కణాలు గోడలైనవి. గుండె కానున్న కణాలు ముకుళించి వికసిస్తూ నడకకు బలమిచ్చినవి.

ఈ వార్త చదివినప్పుడు నాకు రెండు సంగతులు గుర్తుకు వచ్చినవి. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించినారు. గుండ్రాళ్ళ గుట్టలమధ్య గుండ్రని ఆ మేడ లేచినప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని. నాతోటివారు అనేకులు కంప్యూటరు భాషలు నేర్చుటకు అమీర్‌పేట బాట పట్టినారు. నేను జంతుశాస్త్రపు ప్రయోగశాలలో కప్పను కోస్తుండినాను. ఒకనాడు మా అధ్యాపకుడు కప్ప గుండెను వేరుచేసి ఉప్పునీటి ద్రావణంలో వేసినారు. శరీరమూ లేదు, మెదడూ లేదు. గుండె మాత్రం కొట్టుకొంటూనే ఉన్నది. మేము గడియారం చూస్తూ నిలబడినాము. గంట మ్రోగినది, తరగతి ముగిసినది, అది ఆగలేదు. ఎవరి ఆజ్ఞకు అది కొట్టుకొంటున్నదని ఆనాడు అడుగుటకు నాకు తోచలేదు. ఇరువది ఏళ్ళ తరువాత, కంప్యూటరూ కప్ప గుండె కణమూ ఒకే బల్లమీదికి వచ్చినవని చదివినప్పుడు ఆ ప్రశ్న తోచినది.

ఇక రోబో అను మాట. ఈ మాట పుట్టి నూరేళ్ళు దాటినది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకంలో అది మొదట కనిపిస్తుంది. సూచించినవాడు ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో రోబోత అనగా వెట్టి. తెలంగాణలో పుట్టి పెరిగినవారికి వెట్టి అంటే ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. చాలమంది ఎరుగని విశేషమేమంటే, ఆ నాటకంలోని రోబోలు ఇనుప బొమ్మలు కావు. తొట్లలో కలిపిన జీవపదార్థంనుండి ఎముకలు, నరాలు, కాలేయాలు వేరువేరుగా చేసి కూర్చినవి. ఇనుప రోబో తరువాత వచ్చినది. ఆ లెక్కన జీనోబాటు, రోబో అను మాట యొక్క తొలి అర్థానికే దగ్గరి చుట్టం. అయినను దానిని యంత్రమని పిలుచుట నాకు అంతగా రుచించదు. పిండశాస్త్రజ్ఞులు ఇట్టి ముద్దలను మునుపే ఎరుగుదురు. కప్ప పిండపు పైకప్పునుండి కోసిన తునక, గాజు గిన్నెలో గుండ్రబడి, నూగువంటి కదలికల రోమాలు మొలిపించుకొని ఈదుట వారు చూచినదే. క్రొత్తగా వచ్చినది, ఆ తునకను ఏ రూపంలో కత్తిరిస్తే ఏమి చేస్తుందో ముందుగా గణించి చెప్పగల నేర్పు. పేరు ఎట్లున్నను, దాని వెనుక ఉన్న ప్రశ్న పాతది: ఒక కణం తాను ఏమి కావలెనో దానికి ఎవరు చెబుతారు?

ఈ ప్రశ్నకు నూటముప్పది ఏళ్ళ చరిత్ర ఉన్నది. 1888లో జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ రూ అనునతడు కప్ప గుడ్డు రెండు కణాలుగా చీలిన సమయంలో, వేడిచేసిన సూదితో ఒక కణాన్ని పొడిచి చంపినాడు. మిగిలిన కణంనుండి సగం పిండమే పెరిగినది. అనగా ప్రతి కణానికీ తన వంతు ముందే పంచియున్నదని, పిండం చిన్న చిన్న పలకలతో అతికిన నేలవంటిదని రూ తీర్మానించినాడు. మూడేండ్లకు, 1891లో, ఆయన దేశీయుడే అయిన హాన్స్ డ్రీష్ సముద్రతీరంలోని ట్రీస్ట్ నగరంలో ముళ్ళబంతిని పోలిన సీ అర్చిన్ అను ప్రాణి గుడ్లను తీసుకొన్నాడు. రెండు కణాల దశలో వాటిని నీటిలో గట్టిగా కుదిపి విడదీసినాడు. మరునాడు సగం ప్రాణులు కనిపిస్తవని ఎదురుచూచినాడు. కనిపించినవి పూర్తి ప్రాణులు. కొంచెం చిన్నవి, అంతే.

డ్రీష్ ఈ ఫలితాన్ని జీర్ణించుకోలేకపోయినాడు. ఏ యంత్రాన్నైనా రెండుగా కోస్తే రెండు యంత్రాలు రావు గదా! కనుక జీవంలో యంత్రానికి లొంగని ఒక శక్తి ఉన్నదని నిర్ణయించుకొని, చివరకు ప్రయోగశాల విడిచి తత్త్వశాస్త్ర పీఠం ఎక్కినాడు. మనవారికి ఈ సందర్భంలో గాంధారి కథ గుర్తుకు రాక మానదు. వ్యాసుడు మాంసపిండాన్ని నూటొక్క తునకలు చేసి నేతికుండలలో పెట్టించిన ఉదంతం భారతం విన్న ప్రతివారికీ తెలిసినదే. దానిని పట్టుకొని ప్రాచీనులకు పిండశాస్త్రమంతా తెలుసునని వాదించేవారితో నేను ఏకీభవించను. కథ కథయే, ప్రయోగం ప్రయోగమే. కాని తునకనుండి మొత్తం పుట్టవచ్చునా అను ఊహ మాత్రం డ్రీష్ కంటె ఎంతో పాతదని ఒప్పుకోవలసినదే.

రూ తప్పినాడా, డ్రీష్ తప్పినాడా? ఇద్దరూ చూచినదే చెప్పినారు. తేడా ఎక్కడ ఉన్నదో 1910లో మెక్లెండన్ అను అమెరికను తేల్చినాడు. రూ ఒక కణాన్ని చంపినాడే గాని, శవాన్ని అక్కడే ఉంచినాడు. మెక్లెండన్ కప్ప గుడ్డులోనే ఒక కణాన్ని పూర్తిగా తీసివేసినాడు. అప్పుడు మిగిలిన కణం పూర్తి పిండంగా పెరిగినది. అనగా బ్రతికియున్న కణం తన ప్రక్కను తడిమి చూచుకొంటున్నది. పొరుగువాడు చనిపోయియున్నను, ఆనుకొని ఉన్నంతవరకు తన సగం పనియే చేస్తున్నది. పొరుగు బొత్తిగా లేదని తెలిసిననాడు మొత్తం భారం తానే ఎత్తుకొంటున్నది. పిండోత్పత్తి శాస్త్రంలో ఇంతకన్న గొప్ప ప్రయోగాలు ఉన్నవేమో గాని, ఇంతగా మనస్సుకు పట్టేది నాకు మరొకటి కనబడలేదు.

అంతకుముందే, 1907లో, అమెరికాలోని ఉత్తర కరోలినా తీరంలో హెచ్. వి. విల్సన్ ఎర్రని సముద్రపు స్పంజిని సన్నని బట్టలో మూటగట్టి పిండినాడు. బట్ట కన్నాలగుండా కణాలు విడివిడిగా నీటిలోకి రాలినవి. కొంతసేపటికి అవి ప్రాకుతూ ఒకదానినొకటి వెదకుకొని, గుంపులు కట్టి, కొద్ది దినాలలో మరల స్పంజిగా నిలిచినవి. ఊరు చెదరిపోయి, జనం తిరిగివచ్చి, ఎవరి వీధిలో వారు ఇల్లు కట్టుకొన్నట్లున్నది.

1924లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో హాన్స్ స్పెమాన్, ఆయన శిష్యురాలు హిల్డె మాన్‌గోల్డ్ ప్రకటించిన ప్రయోగం ఈ చరిత్రలో నడిమి స్తంభం. న్యూట్ అనునది తోకగల ఉభయచర ప్రాణి, చూపుకు బల్లివలె ఉంటుంది. ఒక న్యూట్ పిండంనుండి వీపు వైపు పెదవివంటి చిన్న తునకను కోసి, మరొక పిండపు పొట్ట వైపు అతికినారు. పొట్ట ఉండవలసినచోట రెండవ వెన్నుపాము, రెండవ తల రూపుకట్టినవి; ఒకదానికొకటి అంటుకొన్న కవల పిండం వచ్చినది. వారు తెలివిగా తునకను తెల్లజాతి న్యూట్‌నుండి, ఆతిథ్యమిచ్చు పిండాన్ని రంగుజాతి న్యూట్‌నుండి ఎన్నుకొన్నారు. కోసి చూడగా, రెండవ పిండంలో చాలభాగం రంగు కణాలే. అతిథి తునక తానే పిండమంతా కాలేదు. చుట్టుప్రక్కల కణాలను పిలిచి, కూర్చి, వాటిచేత చేయించినది. 1935లో స్పెమాన్‌కు నోబెల్ బహుమానం వచ్చినది. హిల్డె అందుకు లేదు. వ్యాసం వెలువడిన 1924లోనే, ఇంటిలో పొయ్యి పేలి, ఇరువదియైదేండ్ల వయస్సులో, పసిబిడ్డను విడిచి ఆమె మరణించినది.

తరువాతి కాలంలో ఈ పిలుపుల రసాయనం తెలిసినది. 1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ అనువారు ఉభయచర పిండాల కణాలను విడదీసి కలగలిపితే, చర్మపు కణాలు పైకి, లోపలి కణాలు లోనికి తమంతట తామే వేరుపడుట చూపినారు. కణాల ఉపరితలంమీద అతుకుడు పదార్థాలున్నవని, ఒకే జాతి అతుకుడు గలవి ఒకచోట చేరుతవని ఆ పిదప తేలినది. ఇంగ్లండులో మైకేల్ అబర్‌క్రోంబీ 1950లలో మరొక సంగతి గమనించినాడు. గాజుమీద ప్రాకుచున్న కణం మరొక కణానికి తగిలినప్పుడు ఆ దిక్కుకు ప్రాకుట మానుకొంటుంది. హద్దు తెలిసి ఆగుట కూడ సహకారమే గదా. క్యాన్సరు కణం ఈ మర్యాదను మరచినది.

ఇంతవరకు చెప్పినదంతా పరదేశపు చరిత్ర. ఇక మన నగరానికి వద్దాము.

హైదరాబాదులో కణశాస్త్రానికి పునాది వేసినవారు డాక్టర్ పుష్పమిత్ర భార్గవగారు. వారి పట్టుదలవలన 1977లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఏర్పడినది. హబ్సిగూడలోని దాని భవనాలను 1987 నవంబరులో ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేసినారు. ఇంచుమించు ఆ సమయంలోనే నగరానికి మరొక కొసన, బంజారాహిల్సులో, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు ఒక నేత్రవైద్య సంస్థను నెలకొల్పినారు. స్థలమూ ధనమూ ఇచ్చినవారు ఎల్. వి. ప్రసాద్‌గారు. "షావుకారు", "మిస్సమ్మ" చిత్రాల దర్శకుడంటే మన ఇళ్ళలో అందరికీ తెలుస్తుంది. వారి పేరే సంస్థకు పెట్టినారు. హబ్సిగూడ కేంద్రానికి సంచాలకులుగా ఉండిన డాక్టర్ డి. బాలసుబ్రమణియన్‌గారు 1998లో ఈ నేత్ర సంస్థకు పరిశోధనాధిపతిగా వచ్చినారు. మాదాపూరులో సైబర్ టవర్స్ తెరచిన ఏడే అది.

కంటిలో మనం నల్లగ్రుడ్డు అనుకొనేదాని ముందర గడియారపు అద్దంవలె ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. దానిని కార్నియా అంటారు. దాని పైకణాలు ప్రతిదినమూ రాలిపోతుంటవి. వారం పది దినాలలో పైపొర మొత్తం క్రొత్తదవుతుంది. ఈ క్రొత్త కణాలు ఎక్కడినుండి వస్తవి? నల్లగ్రుడ్డుకూ తెల్లగ్రుడ్డుకూ నడుమ గట్టువలె ఉన్న సన్నని వలయంనుండి. లింబస్ అను ఈ వలయంలో మూలకణాలున్నవని 1980లలో రూఢి అయినది. అవి జీవితాంతం విభజన చెందుతూ, సంతానాన్ని నడిమికి పంపుతుంటవి. ఆ గట్టు మరొక పని కూడ చేస్తుంది: తెల్లగ్రుడ్డుమీది పొరను, దాని రక్తనాళాలను నల్లగ్రుడ్డుమీదికి రానీయదు.

ఈ గట్టు కాలిపోతే? మన దేశంలో అది కాలుటకు మార్గాలు పెక్కు. కర్మాగారపు ఆమ్లాలు, దీపావళి మందులు ఒక ప్రక్క. తాంబూలపు సున్నం మరొక ప్రక్క. ప్లాస్టిక్ పొట్లంలోని సున్నాన్ని పిల్లలు ఆటగా నొక్కుతారు. అది పగిలి కంటిలోకి చిమ్ముతుంది. ఆమ్లంకంటె సున్నపు క్షారం కంటికి అపాయకరమైనది. అది కణాల పొరలలోని క్రొవ్వును సబ్బుగా మార్చి లోలోనికి దిగుతుంది. ఇట్టి ప్రమాదం జరిగినప్పుడు వైద్యునికై పరుగెత్తుటకు ముందే, ఉన్నచోటనే, శుభ్రమైన నీటిని అరగంటపాటు ధారగా కంటిలో పోయవలెను. రెప్పలక్రింద సున్నపు తునకలుంటే కడిగివేయవలెను. ఈ ఒక్క మాట గృహిణులు గుర్తుంచుకొంటే నా ప్రసంగంలో మిగిలినదంతా మరచినను నష్టం లేదు.

గట్టు కాలిన కంటిలో తెల్లగ్రుడ్డు పొర రక్తనాళాలతో సహా నల్లగ్రుడ్డుమీదికి అల్లుకొంటుంది. చూపు పోతుంది. మృతుల కన్ను తెచ్చి క్రొత్త కార్నియా అతికినా నిలువదు. దానిని పోషించే మూలకణాలు లేవు గనుక, కొద్ది నెలలలో దానిమీదనూ అదే పొర ప్రాకుతుంది. 1997లో ఇటలీ వైద్యులు ఒక దారి చూపినారు. రోగి రెండవ కన్ను మంచిదైతే, దాని గట్టునుండి ఆవగింజంత తునక తీసి, ప్రయోగశాలలో కణాలను పెంచి, పొరగా చేసి కాలిన కంటికి కప్పవచ్చును. వారి పద్ధతిలో మానవ కణాలను పోషించుటకు ఎలుక కణాలు అడుగున ఉండేవి.

హైదరాబాదు నేత్ర సంస్థలో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి, వారి సహచరులు 2001 ప్రాంతంనుండి ఈ పనికి పూనుకొన్నారు. వారు ఎలుక కణాలను మానివేసినారు. కణాలకు పరుపుగా వారు వేసినది ప్రసవ సమయంలో మావితోపాటు వెలువడే ఉమ్మనీటి సంచి పొర. గర్భంలో పిండాన్ని తొమ్మిది నెలలు చుట్టి కాచిన పొర అది, సాధారణంగా పాతిపెట్టేది. దానిని శుభ్రపరచి, గాజు గిన్నెలో పరచి, దానిమీద గట్టు తునకను ఉంచి, రోగి రక్తంనుండి తీసిన సీరమునే ఆహారంగా ఇచ్చినారు. తునక అంచునుండి కణాలు వరుసగా బయలుదేరి, పరుపుమీద ప్రాకుతూ, పొరుగు కణాన్ని విడువకుండ, సుమారు రెండు వారాలలో అఖండమైన పొరగా అల్లుకొన్నవి. ఆ పొరను పరుపుతోసహా ఎత్తి కంటికి కప్పినారు.

పదేండ్ల ఫలితాలను వారు 2011లో ప్రకటించినారు. రెండు వందల కళ్ళకు ఈ చికిత్స చేయగా 142 కళ్ళలో పైపొర స్థిరపడినది. నూటికి 71. మిగిలిన 58 కళ్ళను వారు దాచలేదు. ఆ వివేకమే నాకు ఆ నివేదికమీద గౌరవం కలిగించినది.

అంతటితో ఆగిపోయినా వారికి కీర్తి దక్కియుండేది. కాని ప్రయోగశాల పద్ధతి ఖర్చుతో కూడినది. నిర్మలమైన గదులు, శిక్షణపొందిన సిబ్బంది కావలెను. జిల్లా ఆసుపత్రికి అది అందదు. అప్పుడు ఒక ప్రశ్న వచ్చినది: కణాలు గాజు గిన్నెలో ఎట్లు ప్రాకవలెనో తామే ఎరిగినప్పుడు, కంటిమీదనే ఎందుకు ప్రాకరాదు? సాంగ్వాన్, సాయన్ బసు, బాలసుబ్రమణియన్‌గార్లు, ఇంగ్లండులోని షెఫీల్డుకు చెందిన షీలా మెక్‌నీల్ కలిసి 2012లో ఒక సులభ పద్ధతిని ప్రకటించినారు. మంచి కంటి గట్టునుండి రెండు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పుగల తునక తీస్తారు. దానిని ఎనిమిది పది చిన్న ముక్కలుగా కోస్తారు. కాలిన కంటిని శుభ్రంచేసి, ఉమ్మనీటి సంచి పొర కప్పి, దానిమీద ఆ ముక్కలను దూరదూరంగా జిగురుతో అతికిస్తారు. ఒకే కూర్చుండబాటులో పని ముగుస్తుంది. ప్రయోగశాల అక్కరలేదు.

వరి పండించేవారికి దీనిని ఒక్క మాటలో చెప్పవచ్చును. మొదటిది నారుమడి పోసి, నారు తీసి, నాటు వేయుట. రెండవది నేరుగా పొలంలోనే వెదజల్లుట. నారుమడికి నీరు, కాపలా, కూలీలు కావలెను. వెదకు విత్తనమూ పదునూ ఉంటే చాలును.

మొదట ఆరుగురికి ఈ చికిత్స చేసినారు. ఆరు వారాలలో ఆరు కళ్ళమీదనూ పొర పూర్తిగా అల్లుకొన్నది. నలుగురికి చూపు చెప్పుకోదగినంత తిరిగి వచ్చినది. తునక ఇచ్చిన కళ్ళకు ఏ హానీ కలుగలేదు. 2016లో ప్రకటించిన 125 కళ్ళ లెక్కలో 95 కళ్ళు, అనగా నూటికి 76, నిలిచినవి. ఖర్చు తగ్గినది, పని సులభమైనది, ఫలితం తగ్గలేదు. మన దేశంలో విజ్ఞానం ఎట్లుండవలెనో అడిగేవారికి నేను ఈ ఉదాహరణ చెబుతుంటాను. పెద్ద పెద్ద యంత్రాలు తెప్పించుకొనుటే పురోగతి అనుకొనేవారికి ఇది కొంచెం చేదుగా తోస్తుంది.

ఆ ఎనిమిది పది ముక్కలకు ఎవరు చెప్పినారు? శస్త్రవైద్యుడు వాటి మధ్యనున్న ఖాళీలను పూడ్చలేదు. ముక్క అంచున ఉన్న కణానికి ఒక ప్రక్క పొరుగు ఉన్నది, మరొక ప్రక్క లేదు. లేని దిక్కుకు అది జరుగుతుంది. అవతలి ముక్కనుండి వస్తున్న కణం తగిలినప్పుడు ఆగుతుంది, అతుక్కొంటుంది. మెక్లెండన్ కప్ప గుడ్డులో చూచినదీ, విల్సన్ స్పంజిలో చూచినదీ, అబర్‌క్రోంబీ గాజుమీద చూచినదీ ఇదే. జీనోబాటులో కణాలు ఒకటిగా నిలిచి గాయం మాన్పుకొనుటలోనూ ఇదే. పొరుగు ఉన్నదా లేదా అను ఎరుక. వెర్మాంట్ కంప్యూటరు జీనోబాటుకు ఆకారమిచ్చినది గాని, ఈ ఎరుకను ఇవ్వలేదు. అది కప్ప కణంలో కోట్ల ఏండ్లుగా ఉన్నదే.

జీనోబాట్ల కథ 2020తో ఆగలేదు. 2021లో అవే శాస్త్రజ్ఞులు మరొక వింత చూపినారు. గిన్నెలో విడి కణాలు చల్లితే, ఈదుతున్న ముద్దలు వాటిని ప్రోగుచేసి కుప్పలు పెట్టినవి. ఆ కుప్పలు ముదిరి తామూ ఈదినవి. పత్రికలు దీనిని సంతానమన్నవి. నేనైతే అంతమాట అనను. కణాలు చల్లుట మానితే ఆ వంశం నిలిచిపోతుంది. 2023లో టఫ్ట్స్‌వారు పెద్దవారి శ్వాసనాళపు కణాలతో ఇట్టి ముద్దలు చేసినారు. గిన్నెలో పెంచిన నరాల కణాల పొరకు గీత పెట్టి, ఈ ముద్దలను గుంపుగా అక్కడ ఉంచితే, వాటి క్రింద నరాల కణాలు తిరిగి పెరిగి గీతను కలిపినవి. ఎందుకు కలిపినవో చెప్పుట ఇంకా మిగిలియున్నది.

మన నగరంలోనూ పని సాగుతున్నది. కంటి కణాల పొరను పెంచినవారిలో ఒకరైన గీతా వేముగంటిగారు తరువాత గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్ర విభాగానికి అధిపతి అయినారు. ఊరికి దూరంగా, రాళ్ళ అడవిలో వెలసిన ఆ విశ్వవిద్యాలయం చుట్టూ ఇప్పుడు కంప్యూటరు సంస్థల మేడలు క్రమ్ముకొన్నవి. గోడకు ఇవతల లెమ్మింగుబల్లలు, అవతల లెక్కల యంత్రాలు అని చమత్కరించబోయి మానుకొన్నాను. ఎందుకంటే ఇవతల ఉన్నవి గాజు గిన్నెలూ, వాటిలో పెరిగే కణాలూ.

బంజారాహిల్సులో ఇందుమతి మరియప్పన్‌గారి బృందం 2017లో ప్రకటించిన ఫలితం జీనోబాటుకు మన ఊరిలో అన్నిటికంటె దగ్గరిది. జపానుకు చెందిన యమనక 2006లో ఎలుక కణాలతోను, 2007లో మానవ కణాలతోను ఒక విద్య చూపినాడు. ముదిరిన చర్మపు కణాన్ని నాలుగు జన్యువులతో వెనుకకు నడిపించి, పిండపు తొలి కణంవలె చేయవచ్చునని. హైదరాబాదు బృందం ఇట్టి కణాలను గిన్నెలో పెంచి, కంటి దారి పట్టించి వదలినారు. వారాలు గడిచినకొద్దీ ఆ కణాలు తమలో తాము పొరలు పొరలుగా అమరి, పారదర్శకమైన చిన్న బుడగలుగా, చిట్టి కార్నియాలుగా రూపుకట్టినవి. పొరలు పేర్చినవారు ఎవ్వరూ లేరు.

ఇది వినోదానికి చేసిన పని కాదు. పైన చెప్పిన రెండు పద్ధతులకూ ఒక షరతు ఉన్నది: రెండవ కన్ను మంచిది కావలెను. ఆమ్లమో సున్నమో రెండు కళ్ళనూ కాల్చినవారికి తమ గట్టు అంటూ మిగలలేదు. బంధువుల కంటినుండి తునక తెస్తే, శరీరం దానిని పరాయిదని త్రోసివేయకుండ ఏండ్లతరబడి మందులు వాడవలెను. ఆ మందులు వేరే రోగాలకు తలుపు తీస్తవి. చర్మపు కణంనుండి కంటి కణం తీయగలిగితే ఆ చిక్కు తీరవచ్చును. 2024లో జపానులోని ఒసాకా వైద్యులు నలుగురు రోగులకు యమనక కణాలనుండి పెంచిన కార్నియా పొరను కప్పిన ఫలితాలు ప్రకటించినారు. ఆ కణాలు రోగులవి కావు, దాతలవి. అయినను రెండేండ్లపాటు ప్రమాదమేమీ కనబడలేదు. చూపు నలుగురికీ కొంత మెరుగైనది. ఒకరికి మాత్రం ఆ మేలు తుదివరకు నిలువలేదు.